మౌత్‌వాష్‌లో ఫ్లోరైడ్ కొలవడానికి కాంబినేషన్ ఎలక్ట్రోడు: ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ జాగ్రత్త పడాలి

ద్రావణంలో ముంచితే అందులోని ఫ్లోరైడ్‌ని బట్టి మిల్లీవోల్టుల్లో రీడింగు ఇచ్చే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు అనగానే మన వైపు గుర్తొచ్చేది బోరు నీళ్లు. నల్లగొండ, ప్రకాశం పేర్లు ఫ్లోరోసిస్‌తో ముడిపడిపోయాయి కాబట్టి మన లాబుల్లో ఈ పరికరం కొన్నవాళ్లలో ఎక్కువమంది నీళ్ల కోసమే కొన్నారు. అదే ఎలక్ట్రోడుతో మౌత్‌వాష్ కూడా కొలవొచ్చా? కొలవొచ్చు, బాగా కొలుస్తుంది కూడా. ఇబ్బందల్లా నీళ్లకి అలవాటుపడిన చెయ్యితోనే. తాగే నీటికి మన ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా. రోజూ పుక్కిలించే 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌లో ఉండేది లీటరుకి 226 మిల్లీగ్రాములు, అంటే ఆ 1.5 పరిమితికి నూట యాభై రెట్లు. పైగా అందులో ఆల్కహాలు, గ్లిజరిన్, సార్బిటాల్, నురగనిచ్చే సరుకు, రంగు, సువాసన అన్నీ కలిసి ఉంటాయి.

ఈ రివ్యూలో మేం తీసుకున్నది ఓరియన్ 9609 తరహా కాంబినేషన్ ఎలక్ట్రోడు. పోలికకి స్థిరమైన వోల్టేజీ ఇచ్చే రిఫరెన్సు కూడా అదే గొట్టంలో ఉంటుంది, విడిగా ఇంకో ఎలక్ట్రోడు అక్కర్లేదు. దానికి జతగా 0.1 మిల్లీవోల్టు వరకు చూపే బెంచ్ మీటరు, టిసాబ్ బఫరు (ప్రతి బీకరులోనూ కలిపే ద్రావణం, దాని పని కింద చెబుతాం), మాగ్నెటిక్ స్టిర్రరు. ధర సంగతి కంపెనీని బట్టి చాలా మారుతుంది కాబట్టి కొటేషను తెప్పించుకున్నాకే మాట్లాడుకోవాలి. పనితనం మాత్రం ఈ తరహా వాటన్నిటిదీ దాదాపు ఒకటే, ఎందుకంటే అందరి ఎలక్ట్రోడు కొనలోనూ ఉండేది అదే లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం. దానికి కొద్దిగా యూరోపియం కలుపుతారు. ఆ స్ఫటికంలో కదలగలిగేది ఫ్లోరైడ్ అయాను ఒక్కటే. 1966లో ఫ్రాంట్, రాస్ ఈ ఎలక్ట్రోడుని ప్రకటించారు. అప్పటినుంచి గొట్టం మారింది, జంక్షను (రిఫరెన్సు ద్రావణం శాంపిలుని తాకే చోటు) మారింది, స్ఫటికం మారలేదు. క్లోరైడు, నైట్రేటు, సల్ఫేటు ఎంత ఉన్నా దీనికి పట్టదు. పోటీకి వచ్చేది హైడ్రాక్సైడ్ ఒక్కటే, అదీ పీహెచ్ బాగా పెరిగినప్పుడు.

మరి లోపం ఎక్కడ? అన్నిటికంటే ముందు ఒక అంకె మనసులో పెట్టుకోవాలి. ఫ్లోరైడ్ పదింతలు పెరిగితే ఈ ఎలక్ట్రోడు రీడింగు దాదాపు 59 మిల్లీవోల్టులు తగ్గుతుంది. అది లాగరిథం లెక్క. కాబట్టి 1 మిల్లీవోల్టు అటూఇటూ అయితే గాఢతలో తేడా 4 శాతం. మీటరు మీద ఆ ఒక్క మిల్లీవోల్టు ఊగితే 226 కాస్తా 235 అవుతుంది. 0.1 మిల్లీవోల్టు చూపని పాత పీహెచ్ మీటరుకి ఈ ఎలక్ట్రోడు తగిలించి "లేబుల్‌లో ఉన్నంత లేదు" అని రిపోర్టు రాస్తే అది అన్యాయం. జాగ్రత్తగా చేస్తే 2 శాతం లోపు రాబట్టొచ్చు. అర శాతం వస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

లేబుల్ చదవడం కూడా ఈ పరీక్షలో భాగమే, సగం గొడవలు అక్కడే పుడతాయి. సీసా మీద "సోడియం ఫ్లోరైడ్ 0.05 శాతం" అని ఉంటే అది ఉప్పు బరువు, ఫ్లోరైడ్ బరువు కాదు. సోడియం ఫ్లోరైడ్‌లో ఫ్లోరైడ్ వాటా 45.25 శాతం, అంటే 42లో 19. లీటరుకి అర గ్రాము ఉప్పులో ఫ్లోరైడ్ 226 మిల్లీగ్రాములు. వారానికోసారి వాడే 0.2 శాతం రకంలో 905. అమెరికాలో యాక్ట్ పేరుతో దొరికేది 0.05 శాతం. లిస్టరిన్ టోటల్ కేర్ అక్కడి లేబుల్ ప్రకారం 0.02 శాతం, అంటే 90 చిల్లర. 500 రావాలనుకుని 226 చూసి ఎలక్ట్రోడు పాడైందని కంగారుపడేవాళ్లు ఉంటారు. పాడైంది లెక్క. ఇంకో మాట: మందుల షాపులో మౌత్‌వాష్ అడిగితే చేతికిచ్చే క్లోర్‌హెక్సిడిన్ సీసాల్లో చాలావాటిలో ఫ్లోరైడే ఉండదు. ముందుగా సీసా వెనకున్న లేబుల్ చూసి, ఆ తర్వాతే బీకరు కడగండి.

ఇక టిసాబ్. దీని పని మూడు రకాలు. ఒకటి, అన్ని బీకర్లలోనూ అయాన్ల బలాన్ని ఒకే స్థాయికి తేవడం, ఎందుకంటే ఎలక్ట్రోడు చూసేది గాఢతని కాదు, ఆక్టివిటీని, అంటే చుట్టూ ఉన్న ఇతర అయాన్ల ప్రభావం పోను చురుగ్గా మిగిలిన వాటాని. పీహెచ్‌ని 5 నుంచి 5.5 మధ్య పట్టి ఉంచడం ఇంకొకటి. అంతకన్నా కిందికి పోతే ఫ్లోరైడ్ కొంత హైడ్రోజన్‌తో జతకట్టి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా మారుతుంది, అది ఎలక్ట్రోడుకి కనబడదు. 8 దాటితే హైడ్రాక్సైడ్ వచ్చి తానే ఫ్లోరైడ్‌నన్నట్టు నటిస్తుంది. మూడోది, అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్‌ని విడిపించడం. నల్లగొండ పద్ధతిలో పటిక వేసి శుద్ధి చేసిన నీళ్లు కొలిచేవాళ్లకి ఈ చివరిది బాగా తెలిసిన సంగతే. మామూలు మౌత్‌వాష్‌లో పటిక ఉండదు, మూలికల పేరుతో వచ్చేవాటిలో కలిపి ఉంటే మాత్రం ఇది అవసరం పడుతుంది.

రెడీమేడ్ టిసాబ్ దొరుకుతుంది. సొంతంగా చేసుకోవడమూ కష్టం కాదు, తొందర పనికిరాదంతే. 500 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 57 మిల్లీలీటర్ల గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం, 58 గ్రాముల సోడియం క్లోరైడు, 4 గ్రాముల సీడీటీఏ (అల్యూమినియం, ఇనుములని పట్టుకుని ఫ్లోరైడ్‌ని విడిపించేది ఇదే) వెయ్యాలి. సీడీటీఏ మొదట కరగదు, అడుగున తెల్లగా కూర్చుంటుంది. దాన్ని వేడిచేసి కరిగించాలని చూడొద్దు. బీకరుని చన్నీళ్ల తొట్టిలో పెట్టి, కలుపుతూ, 6 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌ని కొంచెం కొంచెంగా పోస్తూ పోతే పీహెచ్ పెరిగేకొద్దీ అదే కరిగిపోతుంది. దాదాపు 125 మిల్లీలీటర్లు పడుతుంది. గబగబా పోస్తే ద్రావణం కాగిపోతుంది, కాగినప్పుడు చూసిన పీహెచ్ చల్లారాక ఉండదు. చల్లారాక 5.3, 5.5 మధ్య సరిచూసుకుని లీటరుకి నింపాలి. ఆమ్లం ఘాటు ముక్కుపుటాలదరగొడుతుంది, ఫ్యూమ్ హుడ్ కిందే చెయ్యండి.

స్టాండర్డుకి, అంటే పోల్చుకోవడానికి గాఢత ముందే తెలిసిన ద్రావణానికి, సోడియం ఫ్లోరైడ్‌ని 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి, 0.2210 గ్రాములు తూచి లీటరు చేస్తే లీటరుకి 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న స్టాక్ వస్తుంది (ఇకమీద ద్రావణాల మిల్లీగ్రాములన్నీ లీటరుకే). ప్లాస్టిక్ సీసాలో పొయ్యాలి. ఇది విషం, పిపెట్‌కి బల్బు వాడండి, నోరు పెట్టొద్దు. స్టాక్ నుంచి 10 మిల్లీలీటర్లు 100కి పెంచితే 10 మిల్లీగ్రాముల స్టాండర్డు, దాన్నించి మళ్లీ 10 తీసి 100కి పెంచితే 1 మిల్లీగ్రాముది. ఈ పలచనిదాన్ని ఏ రోజుకారోజు చేసుకోవడమే మంచిది. మధ్యలో సరిచూసుకోవడానికి 5 మిల్లీగ్రాములది ఒకటి.

ఇప్పుడు మౌత్‌వాష్. ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది: ఈ ఎలక్ట్రోడు 0.02 మిల్లీగ్రాముల నుంచి సంతృప్త ద్రావణం దాకా చదవగలదు కదా, 226ని నేరుగా చదివితే ఏం పోయింది, పలచన చెయ్యడం దేనికి? పలచన చేసేది ఎలక్ట్రోడు కోసం కాదు, మౌత్‌వాష్‌లోని మిగతా సరుకు కోసం. 20 శాతం పైన ఆల్కహాలున్న రకాలు ఉన్నాయి. అంత ఆల్కహాలు ఫ్లోరైడ్ ఆక్టివిటీనీ మారుస్తుంది, రిఫరెన్సు జంక్షను దగ్గర వోల్టేజీనీ మారుస్తుంది. సీటైల్ పిరిడినియం క్లోరైడు, సోడియం లారిల్ సల్ఫేటు లాంటివి స్ఫటికం మీద పొరకడతాయి. యాభై రెట్లు పలచన చేసి, ఆపైన సమానంగా టిసాబ్ కలిపితే ఆ 20 శాతం ఆల్కహాలు 0.2 శాతానికి దిగుతుంది. మిగతావీ అదే లెక్కన తగ్గుతాయి. ఫ్లోరైడ్ మాత్రం ఇంకా ఎలక్ట్రోడుకి హాయిగా చదివే చోటే ఉంటుంది.

5 మిల్లీలీటర్లు తీసి 250కి పెంచాలి. చెప్పడానికి తేలికే, ఆ 5 మిల్లీలీటర్లు తియ్యడంలోనే చాలామంది 2 శాతం పోగొట్టుకుంటారు. గ్లిజరిన్, సార్బిటాల్ ఉన్న మౌత్‌వాష్ పిపెట్ గోడలకి అంటుకుని నిదానంగా జారుతుంది. నీళ్లు వదిలినట్టు వదిలేస్తే గోడకి కొంత మిగిలిపోతుంది. కొన ఫ్లాస్కు మెడకి ఆనించి, ధార ఆగాక ఇంకో పదిహేను సెకన్లు ఉంచండి. ఆల్కహాలు ఎక్కువున్నదైతే దీనికి తలకిందులు: మైక్రోపిపెట్ టిప్పు నుంచి తానే బొట్లు రాలుతుంది. రెండుమూడుసార్లు లాగి వదిలి టిప్పు తడిపితే ఆగుతుంది. ఈ రెండు తలనొప్పులూ వద్దనుకుంటే త్రాసు మీద ఫ్లాస్కు పెట్టి తూచి, సాంద్రతతో భాగించండి. సీసాని బాగా ఊపి వెంటనే తీస్తే పిపెట్‌లోకి వచ్చేది సగం నురగే. మెల్లగా తిరగేసి, కాసేపు ఆగి తియ్యండి.

పలచన చెయ్యడానికి డిస్టిల్డ్ లేదా డీఅయానైజ్డ్ నీళ్లే వాడాలి. ఇది ఎవరికి తెలీదు అనుకోవద్దు. ఫ్లోరైడ్ 1.5 ఉన్న కుళాయి నీళ్లతో యాభై రెట్లు పలచన చేస్తే ఏమవుతుందో చూడండి: ఫ్లాస్కులో 4.52 ఉండాల్సింది 5.99 అవుతుంది, యాభైతో గుణిస్తే 226 బదులు 300 వస్తుంది. వాటర్ క్యాను నీళ్లు కూడా అంతే, వాడక తప్పదంటే ముందు ఆ నీళ్లనే టిసాబ్‌తో కలిపి బ్లాంకుగా (మౌత్‌వాష్ లేని ఖాళీ శాంపిలుగా) చదివి చూసుకోండి.

0.2 శాతం రకానికి యాభై రెట్లు చాలదు, 18 వస్తుంది, 1 నుంచి 10 దాకా ఉన్న మన స్టాండర్డుల పరిధికి బయట పడుతుంది. దానికి 5 మిల్లీలీటర్లని 500కి పెంచితే 9 దగ్గర నిలుస్తుంది.

తర్వాత 100 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ బీకర్లలో ప్రతి స్టాండర్డు నుంచి 25, దానికి టిసాబ్ 25. శాంపిలుకీ అంతే. అన్నిటినీ ఒకే రకంగా సగానికి సగం చేస్తున్నాం కాబట్టి ఆ రెండింతల లెక్క ఎక్కడా వెయ్యక్కర్లేదు. అన్ని బీకర్లూ ఒకే వేడి మీద ఉండాలి. శాంపిలుకీ స్టాండర్డుకీ ఒక డిగ్రీ తేడా ఉంటే సుమారు 2 శాతం తప్పు వచ్చేస్తుంది. మే నెలలో ఇది చిన్న మాట కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టాండర్డునీ బెంచి మీద ఎండకి కాగిన శాంపిలునీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ రీడింగుకి అర్థం లేదు. స్టిర్రరు కూడా నడిచేకొద్దీ వేడెక్కుతుంది. బీకరు కింద ఒక థర్మోకోల్ ముక్క పెడితే ఆ గొడవ తీరుతుంది. కాంబినేషన్ ఎలక్ట్రోడు పెట్టెలో రాని, అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే పనికొచ్చే సామాను అదే.

ఎలక్ట్రోడుని బీకరులో దించేటప్పుడు దాని అడుగు వైపు ఒకసారి వంగి చూడండి. స్ఫటికం ఉన్న కొన చదునుగా ఉంటుంది, నిటారుగా దించితే దాని కింద గాలి బుడగ చిక్కుకుంటుంది. బుడగ ఉంటే రీడింగు ఊగుతూనే ఉంటుంది, ఎంతసేపు ఆగినా నిలబడదు. మౌత్‌వాష్‌లో నురగొచ్చే సరుకు ఉంటుంది కాబట్టి నీళ్లకంటే ఇక్కడ బుడగలు ఎక్కువ. ఎలక్ట్రోడుని కొద్దిగా వాల్చి, దాదాపు ఇరవై డిగ్రీల వాలులో బిగిస్తే బుడగ నిలవదు. స్టిర్రరు నెమ్మదిగా, అన్ని బీకర్లకీ ఒకే వేగంతో తిరగాలి. మధ్యలో సుడి పడిందంటే వేగం ఎక్కువైందని గుర్తు.

గొట్టం పైన రిఫరెన్సు ద్రావణం నింపే చిన్న రంధ్రం ఉంటుంది. కొలిచేటప్పుడు అది తెరిచి ఉండాలి, లోపలి ద్రావణం మట్టం బీకరులోని ద్రావణం కంటే రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి. రంధ్రం మూసి ఉంటే జంక్షను నుంచి ద్రావణం బయటికి కారదు, రీడింగు ఒకవైపే మెల్లగా జారిపోతూ ఉంటుంది. రీడింగు జారుతోందన్న ఫిర్యాదుల్లో మొదట చూడాల్సింది ఈ రంధ్రాన్నే. 9609 రకంలో పై టోపీ నొక్కితే జంక్షను తెరుచుకుని పాత ద్రావణం కడుక్కుపోతుంది. జిగురు శాంపిళ్లకి ఇది నిజంగా మంచి ఏర్పాటు. మట్టి పలక జంక్షను ఉన్న రకాల్లో సార్బిటాల్ జిడ్డు చేరితే వదిలించడం పెద్ద పని.

తక్కువ గాఢత నుంచి ఎక్కువకి వెళ్లాలి: ముందు 1, తర్వాత 5, తర్వాత 10. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు ఆగండి. నిమిషానికి 0.1 మిల్లీవోల్టు కంటే కదలడం లేదంటే రాసుకోండి. మీటరు "రెడీ" అని దీపం వెలిగించినంత మాత్రాన రాసేసుకోవద్దు, అది చాలా మీటర్లలో తొందరపడుతుంది. బీకరు నుంచి బీకరుకి మార్చేటప్పుడు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, టిష్యూతో అద్దాలి, రుద్దకూడదు.

ఉదాహరణకి 1 మిల్లీగ్రాము దగ్గర 112.4, 10 దగ్గర 54.0 వచ్చాయనుకోండి. స్లోపు, అంటే పదింతల గాఢతకి రీడింగులో వచ్చే తేడా, 58.4, బాగుంది. 54 నుంచి 60 మధ్య ఉంటే ఎలక్ట్రోడు ఆరోగ్యంగా ఉన్నట్టే. శాంపిలు 73.9 చదివింది. 112.4 నుంచి 73.9 తీసేస్తే 38.5. దాన్ని 58.4తో భాగిస్తే 0.659. దాని యాంటీలాగ్ 4.56. యాభైతో గుణిస్తే 228. లేబుల్ లెక్క 226, తేడా ఒక శాతం లోపే. అదే శాంపిలు 72.9 చదివి ఉంటే జవాబు 237 అయ్యేది. ఒక్క మిల్లీవోల్టుకి 9 మిల్లీగ్రాములు, ముందు చెప్పిన 4 శాతం అదే. అందుకే మీటరు నేరుగా గాఢత చూపించే సదుపాయం ఉన్నా మిల్లీవోల్టుల్లోనే రాసుకోమంటాం. గాఢత అంకె ఒక్కటే చూస్తే స్లోపు 50కి పడిపోయిన సంగతి ఎవరికీ కనబడదు.

మౌత్‌వాష్ లాంటి కలగాపులగం శాంపిళ్లకి ఇంకో పరీక్ష తప్పనిసరిగా చెయ్యాలి: చదివిన బీకరులోనే స్టాండర్డు కలిపి మళ్లీ చదవడం. 50 మిల్లీలీటర్ల ద్రావణం ఉన్న అదే బీకరులో 100 మిల్లీగ్రాముల స్టాక్ సరిగ్గా 1 మిల్లీలీటరు వెయ్యండి. రీడింగు 73.9 నుంచి 58.4కి దిగిందనుకుందాం, తేడా 15.5. దాన్ని స్లోపుతో భాగించి యాంటీలాగ్ తీస్తే 1.8425. దాన్ని 51తో గుణించి, 50 తీసేస్తే 43.97. కలిపిన 1 మిల్లీలీటరులో ఉన్న 100 మైక్రోగ్రాముల్ని దాంతో భాగిస్తే బీకరులో 2.27. టిసాబ్ వల్ల సగమైంది కాబట్టి రెండింతలు, తర్వాత యాభై రెట్లు: 227. నేరుగా చదివినప్పుడు 228, కలిపి చదివినప్పుడు 227. రెండూ ఇలా కలిసొస్తే మౌత్‌వాష్‌లోని మిగతా సరుకు అడ్డం రావడం లేదని ధైర్యంగా చెప్పొచ్చు. 5 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే మాత్రం ఇంకా పలచన చేసి మళ్లీ చూడాలి. నీళ్ల పరీక్షల్లో ఈ అడుగు చాలామంది వదిలేస్తారు, అక్కడ నడిచిపోతుంది. మౌత్‌వాష్‌కి ఇది వదిలేసిన రిపోర్టు మీద మాకు నమ్మకం ఉండదు.

ఎన్ని మౌత్‌వాష్‌లు కొలిస్తే స్ఫటికం మందగిస్తుంది? సంఖ్య చెప్పలేం గానీ లక్షణాలు చెప్పొచ్చు. రెండు మూడు నిమిషాల్లో నిలబడే రీడింగు నాలుగైదు నిమిషాలు తీసుకోవడం మొదలెడుతుంది, స్లోపు 54 కిందికి జారుతుంది. అయిదారు శాంపిళ్లకోసారి 5 మిల్లీగ్రాముల స్టాండర్డు మళ్లీ చదివి, అర మిల్లీవోల్టు పైన కదిలిందా చూసుకుంటే ఇది ముందే పట్టుబడుతుంది. మందగించిన స్ఫటికానికి మందు ఏమిటంటే, నవ్వొస్తుంది గానీ, ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు. మెత్తటి టిష్యూ మీద కొంచెం పేస్టు తీసుకుని స్ఫటికాన్ని సున్నితంగా గుండ్రంగా రుద్ది, బాగా కడిగి, స్టాండర్డులో కాసేపు ఉంచాలి. పేస్టు ఫ్లోరైడ్ పోయిందో లేదో బ్లాంకు చదివితే తెలుస్తుంది. గరుకు కాగితం జోలికి పోవద్దు. గీత పడిన స్ఫటికం ఒక బీకరులోని ఫ్లోరైడ్‌ని ఇంకో బీకరులోకి మోసుకుపోతుంది.

ఈ ఎలక్ట్రోడుకి చేతకానిది ఒకటుంది. సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్. కొన్ని దంత ఉత్పత్తుల్లో, ముఖ్యంగా పేస్టుల్లో, ఫ్లోరైడ్ ఈ రూపంలో ఉంటుంది. ఇందులో ఫ్లోరిన్ ఫాస్ఫరస్‌కి గట్టిగా అతుక్కుని ఉంటుంది, టిసాబ్ దాన్ని విడదియ్యలేదు. ఎలక్ట్రోడు ముంచితే వచ్చేది విడిగా తిరిగే కాస్త ఫ్లోరైడ్ మాత్రమే. లేబుల్ మీద ఈ పేరు కనబడితే ముందు ఆమ్లంతో విరగ్గొట్టాలి: శాంపిలుకి సమానంగా 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ ట్యూబులో, 45 డిగ్రీల దగ్గర గంటసేపు. మూత ఎందుకంటే ఆ ఆమ్లంలో ఫ్లోరైడ్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా ఉంటుంది, ఎగిరిపోతుంది. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌తో ఆమ్లం విరిచి, టిసాబ్ కలిపి చదవాలి. స్టాండర్డుల్నీ అదే దారిలో నడిపించాలి, లేకపోతే ఉప్పు స్థాయి తేడా వచ్చి లెక్క చెడుతుంది. స్టానస్ ఫ్లోరైడ్ రకాలకి ఇంత తతంగం అక్కర్లేదు, కానీ ఉప్పులో ఫ్లోరైడ్ వాటా 24 శాతమే అని గుర్తుంచుకుని లెక్క కట్టాలి.

స్పాడ్న్స్ రంగు పరీక్ష చేతిలో ఉండగా ఎలక్ట్రోడు ఎందుకు అని అడిగేవాళ్లకి: మౌత్‌వాష్ నీలంగానో పచ్చగానో ఉంటుంది, స్పాడ్న్స్ చూసేదే రంగు. పైగా అది 1.4 మిల్లీగ్రాముల దాకానే సరళంగా నడుస్తుంది, ఫాస్ఫేటు ఉంటే తప్పుదారి పడుతుంది. ఎలక్ట్రోడుకి రంగు కనబడదు. అయాన్ క్రొమటోగ్రాఫు ఉన్న లాబుకి ఈ ఎలక్ట్రోడు తప్పనిసరి కాదు, అది మోనోఫ్లోరోఫాస్ఫేట్‌ని కూడా వేరే శిఖరంగా చూపిస్తుంది. కానీ అంత ఖర్చు పెట్టలేని డెంటల్ కాలేజీకి, డిగ్రీ కెమిస్ట్రీ లాబుకి, చిన్న తయారీ యూనిట్ నాణ్యత గదికి ఇదే సరైన పరికరం. సామాను సిద్ధంగా ఉంటే మూడు నాలుగు శాంపిళ్లు మధ్యాహ్న భోజనం లోపు అయిపోతాయి.

కాంబినేషనా, విడివిడిగా రెండు ఎలక్ట్రోడ్లా అన్నదానిలో మా ఓటు పూర్తిగా ఒకవైపు లేదు. రోజూ పని ఉంటే కాంబినేషన్ కొనండి, చిన్న బీకరులో కూడా ఒక్కటే పడుతుంది. విద్యార్థుల చేతుల్లో నలిగేదైతే విడి ఎలక్ట్రోడ్లే మేలు. పాడయ్యేది సాధారణంగా రిఫరెన్సే, స్ఫటికం కాదు. విడిగా ఉంటే దాన్నొక్కదాన్నే మారుస్తాం, కాంబినేషన్‌లో మొత్తం పోతుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు నింపే ద్రావణం ఇంకో సీసా కలిపి అడగండి. పెట్టెలో వచ్చింది అయిపోయాక ఇంట్లో కలుపుకున్న ఏదో పొటాషియం క్లోరైడుతో నింపితే జంక్షను వోల్టేజీ మారుతుంది, పాత కాలిబ్రేషన్లతో పోల్చుకోవడానికి వీలుండదు. సాయంత్రం ఆపేటప్పుడు రంధ్రం మూసి, కొనని టిసాబ్ కలిపిన 1 మిల్లీగ్రాము స్టాండర్డులో ఉంచండి. వేసవి సెలవులకి లాబు మూసేస్తుంటే లోపలి ద్రావణం పూర్తిగా ఒంపి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, స్ఫటికానికి టోపీ తొడిగి పొడిగా పెట్టండి. ద్రావణంతోనే వదిలేస్తే జూన్‌లో తెరిచేసరికి జంక్షను చుట్టూ ఉప్పు గడ్డకట్టి, టోపీ నొక్కినా కదలదు.